నేను ఏరి ఇచ్చిన తుపాకి

ఈ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు. రెండు మూడుసార్లు నోటిదాకా వచ్చింది, మింగేశాను. కరోనా పోయింది, మాస్కులు పోయాయి, సూరత్‌లో మగ్గాలు మళ్ళీ ఎప్పటిలాగే ఆడుతున్నాయి. నా గుండె మీది బరువు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. నా పేరు రాయను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

సాయిలు మా పక్క ఊరివాడు. జగిత్యాల వైపు. ఇద్దరం ఒకే రైల్లో వచ్చాం, సూరత్ శివారు ఉన్‌లో ఒకే గదిలో ఎనిమిదేళ్ళు వండుకు తిన్నాం. ఒకే కార్ఖానాలో అతనికి నాలుగు మగ్గాలు, నాకు ఆరు. నాకంటే అయిదేళ్ళు చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు. తెగిన పోగుకు ముడి వేయడం అతనికి నేర్పింది నేనే.

మొదటి లాక్‌డౌన్ తరువాత మగ్గాలు తెరిచిన కొత్తలో నాకు జ్వరం వచ్చింది. గోలీలు వేసుకొని రెండు రోజులు పనికి పోయాను. అది తప్పే, కాదనను. జ్వరమని సాయిలుకు తప్ప ఎవరికీ తెలియదు. మూడోరోజు కార్ఖానా సేఠ్ నన్ను గేటు దగ్గరే ఆపేశాడు. దగ్గు లేదు, తుమ్ము లేదు, మీకెలా తెలిసిందని అడిగాను. నీ గదివాడే చెప్పాడు, నిజాయితీ గలవాడు అన్నాడు. వారం తిరగకుండా నా ఆరు మగ్గాలు సాయిలు చేతికి వచ్చాయి.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అంటారు కదా, అలా అయింది నా పని. జ్వరం తగ్గాక సూరత్‌లోనే ఉధ్నాలో వేరే గది చూసుకొని బట్ట తాన్లు మోసే పనిలో చేరాను. సాయిలు ఆదివారం ఆదివారం నా గదికి వచ్చేవాడు. తడిగుడ్డతో గొంతు కోసినవాడే వచ్చి, అన్నా తిన్నావా అని అడుగుతుంటే ఎలా ఉంటుంది? అతను ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అప్పుడే నిలదీసి, నాలుగు తిట్టి, రెండు తన్ని ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. ఎందుకు అడగలేదు? అడిగితే ఏడుస్తాడని, ఏడిస్తే నాకు జాలి కలుగుతుందని. నా కోపం నాకు కావలసి వచ్చింది.

రెండో ఏడు మళ్ళీ కేసులు పెరిగాయి. మగ్గాలు సగం రోజే ఆడుతున్నాయి. ఉన్ అవతల తుమ్మపొదల్లో కౌజుపిట్టలు కూస్తున్నాయని సాయిలుకు ఆశ పుట్టింది. ఊళ్ళో తిన్న కౌజుపిట్ట కూర యాదికొచ్చిందట. అగ్గువలో ఛర్రాలు, అంటే చిన్న సీసపు గుండ్లు, పేల్చే గాలి తుపాకి ఒకటి కొంటానని, నువ్వే చూసి ఇప్పించాలని నా వెంటపడ్డాడు. పిట్టలను కొట్టడం నేరమని ఇద్దరికీ తెలుసు, తెలిసే పోయాం. మా నాయన చేలకు కావలి ఉండేవాడు కాబట్టి తుపాకుల సంగతి నాకు తెలుసునని కార్ఖానాలో అందరికీ గొప్పలు చెప్పుకున్నది నేనే.

ఉధ్నాలో పాత సామాను అమ్మేవాడి దగ్గర మూడు తుపాకులున్నాయి. ఒకదాని గొట్టం వంకర. వెలుతురుకు పెట్టి చూస్తే తెలిసిపోయింది, పక్కన పెట్టాను. రెండోది బరువైనది, మొద్దుగా ఉంది, చెక్క మీద రంగు లేదు, కానీ లోపల స్ప్రింగు గట్టిది, కొండి పట్టు గట్టిది. మూడోది తేలిక, చెక్క నున్నగా మెరుస్తోంది, ధర కూడా కాస్త తక్కువ. ఈ తుపాకులను గొట్టం కిందికి వంచి, స్ప్రింగు బిగించి, ఛర్రా పెట్టి, మళ్ళీ మూస్తారు. వంచిన గొట్టాన్ని కొండి పట్టి ఉంచాలి. మూడోదాన్ని మూడుసార్లు వంచాను. రెండుసార్లు ఆగింది. మూడోసారి కొండి జారి గొట్టం పైకి లేచి మూసుకోబోయింది. అలవాటు కొద్దీ నేను గొట్టాన్ని ఎడమచేత్తో గట్టిగా పట్టుకొని ఉన్నాను, అందుకని భుజం మాత్రం అదిరింది. నెమ్మదిగా మూసేశాను. సాయిలు చూడలేదు, రెండోదాని చెక్క తడుముతున్నాడు.

ఏది తీసుకోమంటావని అడిగాడు. మెరిసేదాన్ని చూపించాను.

అంతే. ఒక్క వేలు చూపించడం. ఛర్రా పెట్టేటప్పుడు గొట్టాన్ని వదలొద్దని కూడా చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతాడు. మగ్గాల మీద బతికేవాళ్ళకు ఒక అలవాటుంది. పోగు తెగితే మగ్గం దానంతటదే ఆగిపోతుంది, ఆగగానే చెయ్యి లోపల పెట్టి ముడి వేస్తాం. ఆగిన మిషను మళ్ళీ కదలదన్న నమ్మకం మా చేతుల్లోనే ఉంటుంది. సాయిలు తుపాకిని కూడా అలాగే నమ్ముతాడని నాకు తెలుసు. తెలుసా? ఆ క్షణంలో నిజంగా అంత దూరం ఆలోచించానా, లేక దెబ్బ తగిలితే తగలనీ అని మాత్రమే అనుకున్నానా? ఎన్నిసార్లు తవ్వుకున్నా నాకే తేలదు. తేలినంతవరకు చెబుతున్నాను. కొండి జారుతుందని తెలుసు. చెప్పలేదు.

తరువాతి ఆదివారం రమ్మంటే మోకాలి నొప్పని గదిలోనే ఉన్నాను. ఒక్కడే పోయాడు. తుపాకిని మోకాలి మీద పెట్టుకొని, గొట్టం వదిలేసి, కుడిచేత్తో ఛర్రా పెడుతుంటే గొట్టం మూసుకుంది. బొటనవేలు నలిగింది. చూపుడువేలు మొదటి కణుపు దాకా పోయింది. పెద్దాసుపత్రుల నిండా కరోనావాళ్ళే, ఒక చిన్న క్లినిక్‌లో కుట్లు వేశారు. ఆ రెండు వేళ్ళే ముడి వేసేవి.

పది రోజుల తరువాత నా గదికి వచ్చి గడప దగ్గరే కూర్చున్నాడు. చేతికి కట్టు ఉంది.

"అన్నా, నీ జరం ముచ్చట సేఠ్‌కు చెప్పింది నేనే," అన్నాడు.

నేను పొయ్యి వెలిగించి చాయ్ పెట్టాను.

"భయపడి చెప్పిన అని నాకు నేనే చెప్పుకున్న. భయం కాదన్నా. నీ మగ్గాల మీద ఆశపడ్డ. గందుకే దేవుడు నా చేతి ఏళ్ళు తీస్కపోయిండు."

"గట్ల అనకు తమ్మీ."

"నన్ను మాఫ్ చేస్తవా?"

"ఎప్పుడో చేసిన," అన్నాను.

వంగి ఆ కట్టు ఉన్న చేత్తోనే నా కాళ్ళు పట్టుకున్నాడు. నేను లేవదీసి చాయ్ తాగించి పంపాను. అతను తన తప్పు తెచ్చి నా ముందు పెట్టాడు, నాది బయటపెట్టడానికి అంతకంటే మంచి సమయం ఇంకెప్పుడు వస్తుంది? నోరు రాలేదు. నిజం చెప్పనా? క్షమించేవాడిగా కూర్చోవడం నాకు హాయిగా అనిపించింది. ఆ గేటు దగ్గర నన్ను ఆపిన రోజు యాదికొస్తే ఇప్పటికీ కోపమే, అది అబద్ధం కాదు. కానీ అతను నాకు చేసిన ద్రోహం అతని నోటితోనే బయటికి వచ్చింది. నేను చేసినది నాలోనే ఉండిపోయింది.

సేఠ్ నన్ను పిలిచి ఆరు మగ్గాలూ తిరిగి ఇచ్చాడు. తీసుకున్నాను. చెడపకురా చెడేవు అంటారు. నేను చెడలేదు, అదే నన్ను తింటోంది. సాయిలు ఊరికి పోయి మేకలు కాస్తున్నాడు. తను అంత చేసినా అన్న ఒక్క మాట అనలేదని ఊళ్ళో కనబడినవాళ్ళకల్లా చెబుతాడట. పోయినసారి నేను పోతే వాళ్ళమ్మ నాకు దండం పెట్టింది. ఆమె వయసెంత, నా వయసెంత?

సాయిలూ, నీ వేళ్ళు తీసింది దేవుడు కాదు. నేను.

ఈ మాట అతని ముందు అనే ధైర్యం ఇంకా రాలేదు. మీ ముందు అన్నాను. ఇవాళ్టికి నాకు చాతనైంది ఇంతే.