బాపమ్మ అడిగిన నీళ్ళ ముచ్చట్లు

మా బాపమ్మ పోయింది. డయాలసిస్‌కు తీసుకెళ్ళే ఆటో గేటు ముందు హారన్ కొడుతుంటే, ఆమెను లేపడానికి వెళ్ళిన మమ్మీ బయటికొచ్చి, "ఆటోను పొమ్మను" అంది. అలా తెలిసింది నాకు.

బాపమ్మ అంటే మా డాడీ తల్లి. డాడీ దుబాయిలో ఉంటారు. హుజూరాబాద్‌లో మేం ముగ్గురమే. కిడ్నీలు చెడిపోయాక ఆమెకు నీళ్ళు కొలిచి ఇమ్మన్నారు డాక్టరు. ఎక్కువైతే ఊపిరాడదన్నారు. మమ్మీ పొద్దున్నే చిన్న సీసా నింపి పెట్టి డ్యూటీకి వెళ్ళేది. రోజంతటికీ అవే. బడి లేని రోజు కాపలా నేను. ఎప్పుడేమవుతుందోనని ఒకటే భయం.

నేను వంటింటి తలుపు వెనక నిలబడి నీళ్ళు తాగేదాన్ని. ఒకరోజు బాపమ్మ మంచం మీంచి కేకేసింది: "పిల్లా, గుటక సప్పుడు ఇనవడ్తనే ఉన్నది. దొంగ లెక్క ఎందుకే? మంచిగ తాగు."

ఎండాకాలంలో ఒకసారి మధ్యాహ్నానికే సీసా ఖాళీ అయింది.

"ఒక్క గుక్క పొయ్యి బిడ్డా. మీ అమ్మకు చెప్పనులే."

"వద్దు బాపమ్మా, ఊపిరాడదు నీకు."

నా మొహం చూసి ఖాళీ సీసా పక్కకు జరిపింది. "గట్లయితే నీళ్ళ ముచ్చటన్న చెప్పు. మీ ఇంగ్లీషు పుస్తకంల ఉంటది గద."

జాగ్రఫీ పుస్తకం తీసి, అందులో ఉన్నది తెలుగులో చెప్పాను. గల్ఫ్ దేశాల్లో సముద్రం నీళ్ళల్లో ఉప్పు తీసి తాగుతారన్నాను.

"మీ బాపు గవ్వే తాగుతుండా? గందుకే ఫోన్ల గంత ఉప్పుప్పగ మాట్లాడ్తడు."

కొన్ని కొండల మీద పొగమంచుకు వలలు కట్టి నీళ్ళు పట్టుకుంటారన్నాను. "షాపలకు కట్టినట్టా!" అని, చేపల వలలు తలచుకుని నవ్వింది. నాలుక ఎండి తెల్లగా ఉంది. వాడిన నీళ్ళనే శుభ్రం చేసి మళ్ళీ తాగే ఊళ్ళున్నాయంటే, "థూ! మీ అమ్మకు చెప్పకే, మన మురికి మోరి కాడ మిషిని పెడ్తది" అంది.

తర్వాత తన వంతు. ఆమె పుట్టిల్లు లక్సెట్టిపేట వైపు. చిన్నప్పుడు గోదావరి ఇసుకలో చేతులతో గుంట తోడేవారట. దాన్ని చెలిమె అంటారు. "మొదాలు ఊరిన మురికి నీళ్ళు పారబొయ్యాలె. మళ్ళ ఊరెదాక కూసోవాలె. గాయింత ఓపిక లేనోళ్ళు బురద తాగిండ్రు." నేను తొందరగా చదివేస్తుంటే కూడా అదే మాట: "ఆగే, ఊరనియ్యి."

ఈ ముచ్చట్ల సంగతి మమ్మీకి చెప్పలేదు. దప్పిక పెంచుతున్నావని తిడుతుందని భయం. నిజంగానే పెంచానేమో, నాకు తెలీదు. డయాలసిస్ నుంచి వచ్చిన రోజుల్లో ఆమెకు కళ్ళు తెరిచే ఓపిక ఉండేది కాదు. చెప్పే ఓపిక నాకూ ఉండేది కాదు. అయినా చెయ్యి చాపి నా పుస్తకం మీద తట్టేది. చదివేదాన్ని.

ఆమె పోయిన మర్నాడు డాడీ వచ్చాక వాకిట్లో బాపమ్మకు స్నానం చేయించారు. వాడకట్టు ఆడవాళ్ళు బిందెలతో తల మీది నుంచి పోశారు. "ఇంకో బిందె తేండ్రి" అని ఎవరో అంటుంటే మమ్మీ కదలకుండా నిలబడింది. నీళ్ళు గేటు దాటి రోడ్డు మీదికి పారాయి. బాపమ్మ పెదవుల మధ్య కొన్ని నిలిచాయి. ఒకామె కొంగుతో తుడవబోతే, ఆ చెయ్యి పట్టుకుని ఆపాను.