కురచైన గౌను

నా చిన్నప్పుడు, అమ్మ పోయిన ఏడు, నాన్న నన్ను పాండిచ్చేరి నుంచి తీసుకొచ్చి యానాంలో మా మేనత్త దగ్గర దింపి వెళ్ళిపోయాడు. ఆయనది పాండిచ్చేరిలో సర్కారు ఉద్యోగం. పొద్దున ఆఫీసుకు పోతే చీకటి పడ్డాకే ఇంటికి చేరేవాడు. ఆడపిల్లను ఒంటరిగా గదిలో ఉంచలేక ఆ పని చేశాడని ఇప్పుడు తెలుసు గానీ, అప్పుడు తెలియదు. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని ఉన్న ఆయన వేళ్ళు జారిపోవడం ఒక్కటే చాలాకాలం గుర్తుండిపోయింది.

మా అత్తయ్య నాన్నకు అక్క. భర్త లేడు, పిల్లలు లేరు. ఫరంపేటలో చిన్న పెంకుటిల్లు, అరుగు మీద కుట్టుమిషను. వీధిలో వాళ్ళ జాకెట్లూ లంగాలూ కుడుతూ బతికేది. మంచిదే కానీ మాటకారి కాదు. నేనూ మాట్లాడేదాన్ని కాదు. నా తెలుగులో అరవం కలిసేది. బళ్ళో నోరు విప్పితే పిల్లలు నా మాటను అలాగే పలికి నవ్వేవారు. అందుకని నోరు మూసుకోవడం అలవాటు చేసుకున్నాను. బడి వదిలాక గోదావరి గాలికి అరుగు మీద కూర్చుని మిషను చప్పుడు వింటూ ఉండేదాన్ని. ఆ చప్పుడు ఆగితే ఇంట్లో ఇంకే చప్పుడూ ఉండేది కాదు.

రెండో ఏడు వానలు వెనకబట్టాక అత్తయ్య నన్ను ఏదో ఒక వంకతో ఇరుగుపొరుగు ఇళ్ళకు పంపడం మొదలుపెట్టింది. ఒకరోజు జల్లెడ అడిగి తెమ్మనేది, మర్నాడు అదే జల్లెడ ఇచ్చి రమ్మనేది. గిన్నెలో పులుసు పోసి పంపి, గిన్నె ఖాళీ అయ్యేదాకా అక్కడే కూర్చోమనేది. తిరిగి రాగానే మిషను ఆపకుండానే అక్కడ ఏం చూశావని అడిగేది. ఏమీ లేదనేదాన్ని. ఆవిడ కోప్పడేది కాదు. మళ్ళీ పంపేది.

ఇలా పోగా పోగా చూడటం వచ్చింది. మాట్లాడని పిల్ల గడపలో కూర్చుంటే ఎవరూ పట్టించుకోరు, వాళ్ళ పని వాళ్ళు చేసుకుపోతారు. వీధి చివర ఎండుచేపలు అమ్మే మామ్మ కూర్చున్నప్పుడల్లా కర్రను గోడకు ఆనించేది. అది జారి కింద పడేది. చూపు సరిగా ఆనక నేలంతా తడుముకునేది. ఎదురింటి మాస్టారు నూతిలోకి వంగినప్పుడల్లా కళ్ళజోడు పడిపోతుందని ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేత్తోనే చేద లాగేవాడు. పక్కింటి అక్క చంటిపిల్లను చంకనేసుకుని, పైట కొంగుతో అన్నం గిన్నె పట్టుకుని గంజి వార్చేది. కొంగు పలచన. వేళ్ళు కాలి ఊదుకునేది. ఇవన్నీ అత్తయ్యకు చెప్పాను. అంత పొడుగు మాటలు ఆ ఇంట్లో నేను మాట్లాడటం అదే మొదలు.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం అత్తయ్య గుడ్డపేలికల మూట విప్పి అరుగు మీద పరిచింది. క్రిస్మస్ వస్తోంది, మన వీధివాళ్ళకు ఏం ఇద్దామో నువ్వే చెప్పమంది. నాకేం తెలుసన్నాను. అన్నీ నువ్వే చెప్పావు కదా అని నవ్వింది. అప్పుడు గానీ ఆ జల్లెడ ప్రయాణాలు ఎందుకో నాకు అర్థం కాలేదు.

"కొట్లో దొరికేయన్నీ బాగానే ఉంటాయమ్మా. కానీ ముందు మనిషి చెయ్యి దేనికోసం ఎతుక్కుంటుందో చూడాల," అంది.

ఇద్దరం కలిసి కుట్టాం. మామ్మ కర్రకు, మణికట్టుకు తగిలించుకునే గుడ్డ కడియం. మాస్టారి కళ్ళజోడుకు మెళ్ళో వేసుకునే అల్లిక తాడు. పక్కింటి అక్కకు లోపల పాత దుప్పటి ముక్కలు పెట్టి కుట్టిన మందపాటి మసిగుడ్డలు. సూది గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకుని మళ్ళీ కుట్టేదాన్ని. పండగ ముందు అవి పట్టుకెళ్ళి ఇచ్చాను. మామ్మ కడియం చేతికి వేసుకుని, వీధిలో అటూ ఇటూ నడిచి, కర్ర వదిలేసి, అది వేలాడుతూ ఉంటే మళ్ళీ పట్టుకుని, చాలాసేపు అలాగే ఆడుకుంది. ఆ వీధిలో నన్ను చూసి ఎవరైనా సంతోషించడం నేనెరిగి అదే మొదటిసారి.

అందరికీ అయ్యాక నాన్నకేం ఇద్దామని అడిగాను. నన్ను దింపి వెళ్ళాక ఆయన మొదటిసారి పండగకు వస్తున్నాడు. అత్తయ్య మిగిలిన పేలికలు మూట కట్టింది. నువ్వే ఆలోచించుకోమంది. పడుకుని ఆలోచించాను. నాన్న ఎక్కడ అన్నం తింటాడో, స్నానం చేసి తువ్వాలు దేనికి తగిలిస్తాడో, సాయంత్రాలు ఎవరితో మాట్లాడతాడో ఏమీ తెలియలేదు. అమ్మ ఉన్నప్పటి ఇల్లు కళ్ళకు కట్టింది గానీ, ఆయన ఇప్పుడు ఉంటున్న గది ఎంత ప్రయత్నించినా కనబడలేదు. వీధిలో ఎండుచేపల మామ్మ గురించి నాకు తెలిసినంత కూడా మా నాన్న గురించి తెలియదు. అమ్మ పోయిన రోజు కంటే ఆ రోజే నాకెవరూ లేరనిపించింది.

పండగ ముందురోజు సాయంత్రం కాకినాడ బస్సు దిగి వచ్చాడు నాన్న. చిక్కిపోయి ఉన్నాడు. సంచీలోంచి పొట్లం తీసి నా చేతికిచ్చాడు. లేతనీలం గౌను, మెడ చుట్టూ లేసు. అంత అందమైన గౌను అప్పటిదాకా నాకు లేదు. లోపలికి పరిగెత్తి వేసుకోబోతే భుజాల దగ్గరే పట్టేసింది. ఎలాగో కిందికి లాగాను. చేతులు పైకెత్తలేకపోయాను, అంచు మోకాళ్ళకు చాలా పైనే ఆగిపోయింది. అలాగే బయటికొచ్చి నిలబడ్డాను.

నాన్న నన్ను చూసి, అత్తయ్య వైపు తిరిగి, అరచెయ్యి గాల్లో పట్టి, "ఇంతే కదక్కా ఉండేది. కొట్టువాడికి ఇలాగే చూపించాను," అన్నాడు.

నేను ఆ చేతి పక్కనే ఉన్నాను. అది నా చెవి దగ్గరికి కూడా రాలేదు. ఆ సంగతి ఆయనా చూశాడు. చెయ్యి దించి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకుని వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. అత్తయ్య గౌను తీసుకుని మిషను దగ్గరకు వెళ్ళింది. పక్క కుట్లు విప్పి, అంచుకు ఇంకో గుడ్డ అతికింది. రంగు కలవలేదు. మర్నాడు ఆ గౌనుతోనే చర్చికి వెళ్ళాను. పాటలు పాడుతున్నంతసేపూ నాన్న గౌను అంచు మీది అతుకు వైపే చూస్తున్నాడు.

చర్చి నుంచి వచ్చాక ఆయన అరుగు మీద పడుకుని కళ్ళు మూసుకుంటే పక్కనే కూర్చుని చూశాను. నాకు ఆ చెయ్యే గుర్తొస్తోంది. అక్కడ లేని పిల్ల తల మీద ఆనినట్టు గాల్లో ఆగిన చెయ్యి. నెమ్మదిగా లేచి లోపలికి వెళ్ళి, లంగాలకు ఎక్కించే తెల్లనాడా ఒకటి కావాలని అత్తయ్యను అడిగాను. నన్ను కొలవమన్నాను. అత్తయ్యకు ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది. భుజం మీంచి మోకాలి కిందికి కొలిచి అక్కడ ఎర్రదారం కట్టింది, ఛాతీ చుట్టూ కొలిచి నల్లదారం కట్టింది. మిగిలింది కత్తిరించి, చుట్టగా చుట్టి నా గుప్పిట్లో పెట్టింది.

నాన్న లేచాక అది ఇచ్చాను. ఏమిటన్నట్టు చూశాడు.

"నా కొలత నాన్నా. నీ దగ్గర ఉంచుకో," అన్నాను.

ఆయన నాడా విప్పి ఒక కొస పట్టుకుని వేలాడదీశాడు. కాసేపు అలా చూసి, నన్ను దగ్గరకు లాక్కుని, ఆ కొస నా భుజం మీద ఆనించి తనే మళ్ళీ కొలుచుకున్నాడు. ఎర్రదారం మోకాలి కిందికి సరిగ్గా వచ్చింది. అయినా ఆయన చెయ్యి నా భుజం మీద నుంచి తీయలేదు. బస్సు కిటికీలోంచి వదిలేశాక ఆ చెయ్యి నన్ను తాకడం అదే మొదలు. లోపల అత్తయ్య గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినబడుతోంది.

పండగ వెళ్ళాక ఆయనా వెళ్ళిపోయాడు. మళ్ళీ అరుగు, మిషను, గోదావరి గాలి. నాడా ఇచ్చినంత మాత్రాన దూరం తగ్గలేదు, నేను నాన్న దగ్గరకు వెళ్ళి ఉండటం ఆ తర్వాత కూడా ఎన్నడూ జరగలేదు. వేసవి సెలవుల్లో ఆయన వచ్చినప్పుడు ఇంకో గౌను తెచ్చాడు. ఈసారి గంధం రంగు. భయపడుతూ వేసుకున్నాను. కాస్త వదులుగా, మోకాళ్ళు దాటి బాగా కిందికి దిగింది. కొలత ఉండి కూడా తప్పు కుట్టించాడేమోనని ముఖం చిన్నబోయింది. నాన్న అది గమనించాడు.

"నాడా చూపించే కుట్టించానమ్మా. ఆ ఎర్రదారం దగ్గర్నుంచి ఇంకో నాలుగు వేళ్ళ మేర పెంచమన్నాను. నేనొచ్చేసరికి నువ్వు ఎదుగుతావు కదా," అన్నాడు.

ఎక్కడో నాకు కనబడని గదిలో, నాకు తెలియని సాయంత్రాల్లో, ఆయన నాడా ముందు పెట్టుకుని నేను ఎంత ఎదిగి ఉంటానో ఊహించుకున్నాడన్న మాట. నేను ఆ గౌను అంచు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను.

ఆ గౌను ఏమైపోయిందో గుర్తులేదు. నాన్నా అత్తయ్యా పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే. పండగ దగ్గరపడితే పిల్లలు ఫోను చేసి ఏం కావాలమ్మా అంటారు, అడిగింది మర్నాటికి గుమ్మంలో ఉంటుంది. తప్పేం లేదు, వాళ్ళ తీరిక అంతే. నేను మాత్రం దగ్గరవాళ్ళకు ఏదైనా ఇవ్వాలంటే ఇప్పటికీ వాళ్ళింటికెళ్ళి కాసేపు ఊరికే కూర్చుని వస్తాను. దూరాన ఉన్నవాళ్ళ విషయంలో అది కుదరదు. అప్పుడు కళ్ళు మూసుకుని, నేను చూడని రోజులన్నిట్లో వాళ్ళు ఎంత మారి ఉంటారో నాలో నేనే కొలుచుకుంటాను. చివరిసారి చూసిన చోటే వాళ్ళు నాకోసం ఆగి నిలబడి ఉంటారని ఎన్నడూ అనుకోను.