సీసా అడుగున గింజలు

గింజలు తీసుకున్నాక అతను సీసాలో చెయ్యి పెట్టి, మిగిలినవాటిని అరచేత్తో చదును చేస్తాడు. ఎప్పుడూ అంతే. పైనుంచి దోసెడు తీస్తాడు, పడిన గుంతను పూడుస్తాడు, మూత బిగిస్తాడు. కొత్త పొట్లం తెచ్చినా పైనుంచే పోస్తాడు. అతని చెయ్యి అడుగుదాకా ఎన్నడూ పోలేదు.

అడుగున ఉన్నవి అతని భార్య కొన్నవి. ఆమె పోయేనాటికి ఆ వెడల్పు మూతి గాజు సీసాలో నాలుగు వేళ్ళ మందాన తెల్ల బీన్స్ గింజలు మిగిలాయి. గుర్తేమీ పెట్టుకోలేదు. రంగు చాలు. కొత్తవి తెల్లగా మెరుస్తాయి, కిందివి కాస్త పసుపు తిరిగి మసగ్గా ఉంటాయి. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పదగిన మనిషి ఇంట్లో ఒక్కరే ఉన్నారు. అతని అత్తగారు.

అతను లిఫ్టుల మెకానిక్. లిఫ్టు ఆగినప్పుడు దాని నేలా అంతస్తు నేలా ఒకే మట్టంలో ఉండాలి. వేలెడు తేడా వచ్చినా ముసలివాళ్ళు తట్టుకుని పడతారు. రిపేరు పూర్తయ్యాక అతను మోకాళ్ళ మీద కూర్చుని, రెండు నేలలూ కలిసేచోట అరచెయ్యి ఆనించి చూస్తాడు. తోటివాళ్ళు అతన్ని ‘మట్టం’ అంటారు. మట్టం రెండు మాటలు కలిపి మాట్లాడాడంటే ఊళ్ళో లిఫ్టులన్నీ ఆగిపోతాయని వెక్కిరిస్తారు. అతను నవ్వి ఊరుకుంటాడు.

కూతురు మంచాన పడ్డప్పుడు చాకిరీ చెయ్యడానికి అత్తగారు వచ్చింది. కూతురు పోయాక ఉండిపోయింది. ఉండమని ఎవరూ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. అతను నెల తిరక్కుండానే భార్య బట్టలన్నీ పంచేశాడు. బీరువా ఖాళీ చేశాడు. గోడ మీది ఫొటో తీసి లోపల పెట్టాడు. అత్తగారు చూస్తూ ఉంది. ఏమీ అడగలేదు.

మిగిలింది స్లో కుక్కర్, సన్నని వేడి మీద పగలంతా ఉడికించే కరెంటు గిన్నె. అది భార్య కొన్నదే. మూత మీది పిడి ఒక పక్క విరిగింది. దాంట్లో ఆమె హామ్ ఎముక వేసి గింజల సూప్ చేసేది. అతను చూసి నేర్చుకోలేదు, తిన్న గుర్తుతో నేర్చుకున్నాడు. గింజలు రాత్రంతా నానాలి. పొద్దున ఆ నీళ్ళు పారబోసి, పొయ్యి మీద ఒకసారి తెర్లనిచ్చి కుక్కర్లో పోయాలి. ఉప్పులో ఊరి, పొగ పట్టిన పంది తొడ ఎముకను కాస్త మాంసంతోనే వాటి మధ్య దించాలి. ఉల్లిపాయ, క్యారెట్, వెల్లుల్లి, నాలుగు మిరియాలు. ఉప్పు వెయ్యకూడదు, ఎముకే ఇస్తుంది. తరవాత మూత పెట్టి మర్చిపోవాలి. మధ్యలో ఎత్తి చూస్తే వేడి పోతుంది, మళ్ళీ ఎక్కడానికి చాలాసేపు పడుతుంది.

అతను స్విచ్ వేసి పనికి వెళ్ళేవాడు. పగలంతా ఆ కుక్కర్, అత్తగారు ఇంట్లో ఉండేవారు. గాజు మూతకు లోపలివైపు చెమట పట్టి, బొట్లు జారేవి. సాయంత్రానికి మాంసం ఎముకను వదిలి దానంతటదే రాలేది. ఆమెకు నాలుగైదు పళ్ళే మిగిలాయి. ఆ సూప్ ఉన్నరోజు మాత్రం మారు అడిగేది.

ఒక సాయంత్రం ఆమె ఫోనులో కొడుకుతో అంది.

“ఆదివారం వచ్చి తీసుకెళ్ళరా. ఎంతకాలమని ఉంటాను ఇక్కడ. ఆయన మొహమాటస్తుడు, పొమ్మనలేడు.”

అతను పక్కగదిలో చొక్కా గుండీ కుట్టుకుంటున్నాడు. విన్నాడు. దారం తెంపి, సూది డబ్బాలో పెట్టాడు. లేచి వెళ్ళి చెప్పవలసిన మాట ఒకటుంది. చొక్కా తొడుక్కుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. వారమంతా అలాగే గడిచింది.

శనివారం అతను ఇంటికి వచ్చేసరికి సీసా తళతళలాడుతోంది. అత్తగారి సంచి మంచం పక్కన నిండుగా ఉంది.

“వెళ్ళేముందు వంటిల్లు ఒక కొలిక్కి తెద్దామని మొదలుపెట్టాను బాబూ,” అందామె. “ఆ సీసా అడుగున ఏళ్ళనాటి పొడి. గింజలు గుడ్డ మీద పోసి, సీసా కడిగి ఆరబెట్టి మళ్ళీ పోశాను.”

అతను సీసా చేతిలోకి తీసుకున్నాడు. పసుపువీ తెల్లవీ కలిసిపోయాయి, అడుగునుంచి మూతిదాకా.

“మంచి పని చేశారు,” అన్నాడు.

ఆమె పక్కనే నిలబడి ఉంది. ఏరడం మొదలుపెడితే అడుగుతుంది. అడిగితే చెప్పాలి. దోసెడు తీసి గిన్నెలో పోసి, నీళ్ళు పోశాడు. అలవాటుగా చదును చేశాడు. చేతి కింద అన్నీ ఒక్కలాగే తగిలాయి.

లిఫ్టులకు ఆదివారం లేదు. పొద్దున కుక్కర్ స్విచ్ వేసి అతను పనికి వెళ్ళాడు. ఒక ఆఫీసు భవనం పైకప్పు మీది మోటారు గదిలో, లిఫ్టు ఉక్కుతాళ్ళకు గ్రీజు రాస్తూ, “ఉండండి అత్తయ్యా,” అని పైకే అన్నాడు. మోటారు హోరులో అతని మాట అతనికే వినిపించలేదు. ఇంకోసారి అని, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

బావమరిది సాయంత్రం వచ్చాడు. గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

“ఏం బావా, వీధి చివరిదాకా వాసనే. నన్ను తొందరగా సాగనంపడానికా, కట్టిపడెయ్యడానికా?”

“కూర్చో.”

“అదుగో, ఒక మాట ఖర్చయింది. ఇక ఈ నెలకు లేదు.”

“నీ నోటికి తాళం ఎప్పుడు పడుతుందిరా,” అంది తల్లి.

“తాళంచెవి నీ దగ్గరే ఉందిగా అమ్మా. ఇవాళ ఇంటికి తీసుకుపోతున్నాను.”

అతను గిన్నెల్లో సూప్ పోశాడు. ముగ్గురూ చెంచాలు ముంచారు. కాసేపు చెంచాల చప్పుడే. అంతలో బావమరిది దవడ పట్టుకున్నాడు.

“బావా, దీంట్లో లిఫ్టు బోల్టులేమైనా పడ్డాయా? పన్ను కదిలింది.” నోట్లోంచి గింజ తీసి పళ్ళెం అంచున పెట్టాడు.

అత్తగారికీ ఒకటి తగిలింది. ఆమె దాన్ని నాలుకతో అటూఇటూ దొర్లించి తీసి, దీపం వెలుతురులో చూసింది.

“పొద్దుననగా పెట్టింది. నేను మూత కూడా ఎత్తలేదే,” అంది, తప్పు తనదన్నట్టు.

“కొన్ని వెన్నలా ఉన్నాయి, కొన్ని రాళ్ళలా ఉన్నాయి,” అన్నాడు కొడుకు. “ఒకే కుండలో ఇదేం వింత?”

“పాతవి కలిశాయి. ఏళ్ళ తరబడి నిలవున్న గింజ ఓ పట్టాన ఉడకదు. మీ నెమ్మది చూసి కొట్టువాడు అంటగట్టాడు బాబూ. నాలుగు దులిపి రావాల్సింది.”

అతను చెంచా కింద పెట్టాడు.

“కొట్టువాడు కాదు అత్తయ్యా. అవి తను కొన్నవి.”

“ఎవరు?” అన్నాడు బావమరిది. తల్లి అడగలేదు. గింజ ఇంకా ఆమె వేళ్ళ మధ్యే ఉంది.

“అడుగున ఉంచాను,” అన్నాడతను. “పైనుంచే తీసేవాణ్ణి.”

“నిన్న నేను...”

“మీకు తెలీదు. నేను చెప్పలేదు.”

“చెప్తే కడిగేదాన్నా?”

బావమరిది పళ్ళెం అంచున పెట్టిన గింజను మళ్ళీ నోట్లో వేసుకున్నాడు. మెల్లగా కొరికి, నమిలి, మింగాడు.

“బట్టలు పంచేశారు. బీరువా ఖాళీ చేశారు,” అంది అత్తగారు. “ఫొటో కూడా తీసేశారు. నా కూతురి తాలూకు సామాన్లలో ఇక నేనొక్కదాన్నే మిగిలాను, ఆ ఒక్కటీ తీసెయ్యలేక బాధపడుతున్నారనుకున్నాను.”

“ఫొటో చూస్తే పనికి వెళ్ళలేకపోయేవాణ్ణి,” అన్నాడతను. కళ్ళు గిన్నె మీదే ఉన్నాయి. “ఉండండి అత్తయ్యా.”

ఇంట్లో మోటారు హోరు లేదు. ఆ మాట ముగ్గురికీ వినిపించింది.

ఆమె గింజను పళ్ళెంలో పెట్టి, చీర కొంగుతో వేళ్ళు తుడుచుకుంది.

“నానబెట్టేటప్పుడు చిటికెడు వంటసోడా వేస్తే పాతవి కూడా దారికొస్తాయి,” అంది. “సీసాలో ఇంకా ఉన్నాయిగా?”

“ఉన్నాయి.”

“అమ్మా, సంచి సర్దేశావుగా,” అన్నాడు కొడుకు.

“సర్దినదాన్ని, విప్పడం రాదా నాకు?”

బావమరిది తల్లి వంకా, బావ వంకా చూశాడు. గిన్నె ముందుకు జరిపాడు.

“అయితే ఇంకో గరిటె పొయ్యి బావా. ఒట్టి చేతులతో పొమ్మంటున్నారు, కడుపైనా నింపుకుని పోతాను.”

మర్నాడు పొద్దున, పనికి బయల్దేరేముందు, అతను సీసా మూత తీశాడు. చేతిని అడుగుదాకా దించి, అందినన్ని గింజలు తీశాడు. పాతవీ కొత్తవీ కలిసే వచ్చాయి. ఏరలేదు. గిన్నెలో పోసి, నీళ్ళు పోసి, చిటికెడు వంటసోడా వేశాడు. పాతవి ఉన్నాయి కనక ఈసారి పగలూ రాత్రీ నానాలి. సీసాలో లోతుగా గుంత పడింది. దాన్ని అలాగే వదిలి మూత బిగించి, పనిముట్ల సంచి భుజాన వేసుకుని బయటికి నడిచాడు.