కుట్లు విప్పించిన మాస్టారు

పాతూరు నుంచి వచ్చే మా కుట్టు మాస్టారి నోట రోజంతా ఒకటే మాట వినిపించేది: "కుట్లు ఇప్పు బేటీ." గవర్నమెంటు వారి ఆరు నెలల శిక్షణలో నేను కుట్టినదాని కంటే విప్పినదే ఎక్కువ.

చివరి రోజు, కార్మికుల ఖాకీ చొక్కాలు కుట్టించే కాంట్రాక్టరు పనికి మనుషుల్ని ఎంచుకోవడానికి వచ్చాడు. నేను కుట్టిన జేబు చూసి బాగుందన్నాడు. మాస్టారు కళ్లద్దాలు సవరించుకుని, "మూల వంకరుంది. ఇప్పు బేటీ" అన్నారు.

చేతికొచ్చిన పని జారిపోతుందని నాకు ఏడుపొచ్చింది. "ఆయనకి నచ్చింది కదా మాస్టారూ, మీకేటి?" అన్నాను.

"రేపు సెప్పడానికి నీ పక్కన నానుండను కదా" అన్నారాయన.

విప్పి మళ్లీ కుట్టాను. కాంట్రాక్టరు జేబు మూలను వేలితో తడిమి, "సోమారం నుంచి రామ్మా. జేబులన్నీ నువ్వే కుట్టాల" అన్నాడు.

సంతోషంగా మాస్టారి వైపు తిరిగాను. ఆయన అప్పటికే పక్కమ్మాయి కుట్టిన కాలరును వెలుతురులో పెట్టి చూస్తున్నారు.