ఒక్క పిలుపుకు పలకకు

డ్యూటీ దిగి సింగానల్లూరు బస్టాండు దగ్గర టీ కోసం నిలబడ్డాను. చీకటి పడబోతోంది. టీ అంగడతను దోమలకని ఏలకుల తొక్కలు గుప్పెడు నిప్పుల మీద పోశాడు. తీపిగా మొదలై చేదుగా ముగిసే ఆ పొగ తగలగానే నా ముక్కుపుడక కింద చర్మం చల్లబడింది. వెనకాల ఎవరో నిలబడి, నన్ను పిలవడానికి ఊపిరి తీసుకుంటున్నట్టు అనిపించింది. నేను తిరగలేదు. తిరగకూడదని నేర్పిన మనిషి గురించి రాయాలని అప్పుడే అనుకున్నాను. నాది తమిళ బడి చదువు. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నాను. నా ఒత్తులు ఇప్పటికీ ఒత్తిడిలోనే ఉంటాయి, మన్నించాలి.

ఆమె మా పక్కింటి బోడవ్వ. పుట్టిల్లు బోడినాయకనూరు కాబట్టి ఆ పేరు. ఆంధ్ర నుంచి వచ్చిన తోటి నర్సు ఒకామె ఈ పేరు విని ‘పాపం’ అంది. అవ్వ జడ నా జడకు రెండింతలు ఉండేదని చెబితే ఆ జాలి నా మీదికి మళ్ళింది.

నాకు ముందు అమ్మకు పుట్టిన ఇద్దరు మగబిడ్డలు తొట్టెలోనే పోయారు. అలాంటి ఇంట్లో మళ్ళీ మగబిడ్డ పుడితే మావాళ్ళు పాతకాలం నుంచీ చేసే తంత్రం ఒకటుంది. బిడ్డను చేటలో పెట్టి పెంటకుప్ప మీద వదులుతారు. పొరుగావిడ తవుడిచ్చి కొనుక్కుంటుంది. తర్వాత ముక్కు కుట్టి, పావడ కట్టి, ఆడపేరు పెడతారు. మగబిడ్డను వెతుక్కుంటూ వచ్చే మృత్యువు పావడను చూసి, ఇల్లు తప్పిందనుకుని మళ్ళిపోవాలి. నన్ను కొన్నది బోడవ్వ. నా వెల చేటెడు తవుడు. “ఆవుకు పెట్టుంటే పాలన్నా ఇచ్చిండేది” అని చివరిదాకా అంటూనే ఉంది.

ఆసుపత్రిలో నన్ను మగబిడ్డ అని రాసుకున్నారు. నాన్న ఒక పేరు కూడా రాయించాడు. ఆ పేరు వీధిలో ఎవరూ ఎత్తకూడదని అవ్వ కట్టడి. నేను ఇక్కడా ఎత్తను. ఆమె పెట్టిన పేరు అలివేలు. దీపాలు పెట్టే వేళకు అవ్వ గడప దగ్గర ఏలకుల తొక్కల పొగ వేసి, వీధి వైపు తిరిగి గట్టిగా పిలిచేది: “అలివేలూ, పొద్దు పోయె, లోపలికి రావే.”

“ఒళ్ళోనే ఉండానే అవ్వా” అన్నాను ఒకసారి.

“నిన్ను కాదే పిలిచేది. వినేవాళ్ళకు వినబడాల గదా.”

వీధిలో ఎవరూ ఉండేవారు కాదు. అయినా అవ్వ కాసేపు అటే చూసి, ఎవరో వెళ్ళిపోయినట్టు తల ఊపి, తలుపు వేసేది.

బడిలో చేర్చేటప్పుడు పావడ విప్పి నిక్కరు తొడిగారు. గండం గడిచిందన్నారు. నా గండం అప్పుడే మొదలైందని ఎవరికి చెప్పను? అవ్వ మాత్రం ఆ కొత్త ఉడుపును నమ్మలేదు. వేసవి సెలవుల్లో ఒక మిట్టమధ్యాహ్నం ఆమె ఇంట్లో చింతగింజలతో ఆడుకుంటున్నాను. పెరటి వైపు నుంచి అమ్మ గొంతు ఆ పేరు పెట్టి పిలిచింది. ఒక్కసారే. లేచి పరుగెత్తాను. గడప దగ్గర వెనక నుంచి అవ్వ నా చొక్కా పట్టుకుంది.

“ఒక్క పిలుపుకు పలకకు కన్నా. మనిషైతే ఇంకోసారి పిలుస్తారు.”

నిలబడ్డాం. ఎండలో ఆరేసిన చీర కూడా కదలలేదు. రెండో పిలుపు రాలేదు. సాయంత్రం మిల్లు నుంచి అమ్మ వచ్చింది. మధ్యాహ్నం ఇంటికి రానే లేదంది.

అమ్మ పోయాక నర్సు చదువుకని మదురై వెళ్ళాను. చదువూ ఆపరేషనూ రెండూ అక్కడే అయ్యాయి. చీర కట్టుకుని తిరిగొచ్చిన రోజు నాన్న నన్ను చూసి తలుపు మూశాడు. ఆ చప్పుడుకు వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. అరుగు మీద బోడవ్వ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, “యాడ పోతివే అలివేలూ ఇన్నాళ్ళు? కాఫీ ఆరిపోతాంది, రా” అంది, అంగడికి పంపితే ఆలస్యం చేసినదానితో అన్నట్టు.

మా చిన్నత్త ఊరుకోలేదు. “నువ్వు పావడ కట్టినందుకే ఇట్ల అయింది” అని అవ్వ మీదికి పోయింది.

“నీ తమ్మునికీ కట్టిన్యానే. వానికి మీసం మొలవలేదా?”

నేను అలివేలునని నాకు పావడకు ముందే తెలుసో, తర్వాత తెలిసిందో చెప్పలేను. అవ్వకు అది మృత్యువుతో ఆట. ఆ ఆటలో నేను ఆడపిల్లగా ఆడలేదు, ఆడపిల్లగా ఉన్నాను. అంతే తేడా.

తర్వాత పెద్దాసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. చేరే రోజుకు కాగితాలన్నీ ఒకే మనిషివై ఉండాలి, లేకపోతే చోటు వేరొకరికి పోతుంది. కలెక్టరు ఆఫీసు ఇచ్చిన పత్రంలో నేను అలివేలును, ఆడదాన్ని. పుట్టిన సర్టిఫికేట్‌లో ఇంకా వాడే ఉన్నాడు. దాన్ని మార్చమని అడగడానికి వెళితే, పుట్టుకకూ చావుకూ ఒకటే కిటికీ. నేను ఏ వరుసలో నిలబడ్డానో నాకే అర్థం కాలేదు. అక్కడి అధికారిణి మర్యాదగానే మాట్లాడింది. కలెక్టరు పత్రం సరే, ఈ బిడ్డా మీరూ ఒకరేనని పుట్టుక నుంచీ ఎరిగినవాళ్ళు ఒకరు వచ్చి చెప్పాలంది. చట్టంలో ఆ మాట లేదని వాదించవచ్చు. వాదించేటంత వ్యవధి లేదు. నాన్న రానన్నాడు. అవ్వను తీసుకెళ్ళాను.

అధికారిణి ఆ పేరు చదివి, “ఈ మగబిడ్డను మీరు ఎరుగుదురా పాట్టీ?” అని తమిళంలో అడిగింది.

“అట్లాంటి మగబిడ్డ మా వీధిలో పుట్టనే లేదు” అంది అవ్వ, ఏ తడబాటూ లేకుండా. ముప్పై ఏళ్ళు గడపలో కూర్చుని ఎవరికో చెప్పిన జవాబు అదే.

అధికారిణి కాగితాలు మూసేసింది. నేను అవ్వను వసారాలోకి తీసుకొచ్చాను.

“వాడు పుట్టలేదంటే నేను ఎవరినవ్వా? వాణ్ణి ఒప్పుకుంటేనే నన్ను రాస్తారు.”

“నా నోట ఆ పేరు వస్తే వినేవాడు వింటాడే.”

“ఎవరు వింటారు ఇక్కడ?”

“ఆ పొద్దు పెరట్లో నీకు వినబడలేదా?”

వినబడిందని ఇద్దరికీ తెలుసు. అవ్వ నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆ తర్వాత కొంగు దులుపుకుని లేచింది. నా కోసం ఆగలేదు.

లోపల అధికారిణితో తమిళంలో “ఆమా, ఆ బిడ్డే ఈ బిడ్డ” అంది. అక్కడితో పని అయిపోయింది. కానీ అవ్వ వాకిలి వైపు తిరిగి, తెలుగులో, దీపాల వేళ గొంతుతో ఆ పేరు పలికింది. “వాణ్ణి తవుడిచ్చి కొన్నది నేను. నా సొత్తు. అడిగేదుంటే నన్ను అడగాల” అంది. వాకిట్లో ఎవరూ లేరు. “ఎవరితో మాట్లాడుతున్నారు?” అని అధికారిణి నన్ను మెల్లగా అడిగింది. “చుట్టాలతో” అన్నాను.

పాత పేరు కొట్టేయరని, పుస్తకంలో పక్కన అంచున కొత్తది రాస్తారని ఆమె వివరించింది. “ఉండనీ పాపం, వాడు యాడికి పోతాడు” అంది అవ్వ.

కొత్త సర్టిఫికేట్ చేతికి వచ్చిన సాయంత్రం నేరుగా అవ్వ దగ్గరికే వెళ్ళాను. పొగ అప్పుడే లేస్తోంది. ఆమెకు చదువు రాదు. నా పేరున్న చోట వేలు పెట్టించి, ఇదే అలివేలు అన్నాను. “నేను పెట్టిన పేరే గదా, వీళ్ళకు ఇన్నాళ్ళు పట్టెనా?” అని నవ్వింది. నవ్వుతూనే తల వీధి వైపు తిప్పి, “ఆఁ, ఇదో, వస్తాండాను” అంది.

నాకు ఏమీ వినబడలేదు.

“ఎవరవ్వా?”

“ఆ పేరు పెట్టి అడిగినారు. నేనే అంటిని.”

“ఒక్క పిలుపుకే పలికితివే?”

“నాకు తెలుసులే. నువ్వు కాఫీ తాగు.”

ఆ వారంలోనే, దీపానికి వత్తి వేసి కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. వయసు అన్నారు. నర్సుగా నేనూ అదే అంటాను. దీపాల వేళ మాత్రం అనలేను.

ఉద్యోగంలో చేరాను. నా కాగితాలన్నీ ఇప్పుడు ఒకే మనిషివి. పొద్దున్నే రోగులను పేరు పెట్టి లోపలికి పిలవడం నా పని. టోకెన్లు పట్టుకుని బెంచీల మీద కూర్చున్నవాళ్ళు నా నోటి వైపే చూస్తుంటారు. “ఒకసారి పిలిస్తే చాలదా సిస్టర్, అందరికీ చెవులున్నాయిగా” అని డాక్టరమ్మ విసుక్కుంటుంది. నేను ప్రతి పేరునూ రెండుసార్లు పిలుస్తాను. పిలిచింది మనిషేనని వాళ్ళకు తెలియాలి.