ఆదివారం పట్టిన మడక

కర్నూలు కచేరీలో నకళ్లు రాసే గుమాస్తాగా చేరిన రెండేళ్లకే నా నడుము పట్టేసింది. ఆలూరు దగ్గర మా చేన్లో పొద్దుగూకులూ మడక దున్నినప్పుడు కూడా ఎరగని నొప్పి అది. ఒక ఆదివారం ఊరి బయట దున్నుతున్న ముసలి రైతు దగ్గరికి పోయాను.

"పెద్దాయనా, కచేరీ గుమాస్తాను. నాలుగు సాళ్లు దున్ననిస్తావా?"

ఆయన నవ్వాడు. "ఏమప్పా, ఇది కలమనుకుంటాండావా?"

కోటు విప్పి గట్టున పెట్టి మేడి పట్టుకున్నాను. తొలి సాలు వంకరపోయింది. రెండోది కుదిరింది. తడి నల్లరేగడి వాసనకు, మా నాయన ఎద్దులను అదిలించే గొంతు గుర్తొచ్చి కళ్లు చెమ్మగిల్లాయి.

"శానా బాగా దున్నుతాండావే! మళ్లా ఆ కచేరీలో ఏం పని నీకు?" అన్నాడు ముసలాయన. నేను మూడో సాలుకు ఎద్దులను మళ్లించాను.

ఆ వానాకాలమంతా ప్రతి ఆదివారం పోయి దున్నాను. నడుము నొప్పి పోయింది గానీ, మా చేని మీద బెంగ పోలేదు.