టీ ఈక్వల్ టు ఎంజీ

ఇంటర్ మొదటి సంవత్సరంలో నన్ను ఎక్కువగా ఏడిపించింది ఒకే రకం లెక్క. బల్ల మీద ఒక దిమ్మె. దానికి కట్టిన తాడు బల్ల అంచున ఉన్న కప్పీ మీదుగా కిందికి దిగుతుంది. ఆ కొసన ఒక బరువు వేలాడుతూ కిందికి జారుతోంది. తాడులో టెన్షన్, అంటే బిగువు, ఎంత? నేను ప్రతిసారీ టీ ఈక్వల్ టు ఎంజీ, అంటే టెన్షన్ ఆ వేలాడే బరువుతో సమానం, అని రాసేదాన్ని. ప్రతిసారీ తప్పే.

తొంభైల చివరి రోజులవి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణం పైన మూడో అంతస్తులో నడిచే ఇంగ్లీషు మీడియం కాలేజీలో చేరాను. ఫిజిక్స్ సార్ అర నిమిషంలో లెక్క తేల్చి, చేతికంటిన సుద్ద దులుపుకొని "సింపుల్" అనేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు ధైర్యం చేసి లేచాను. "సార్, తాడుకు వేలాడేది ఆ బరువే గద సార్. మరి తాడు మీద దాని బరువంత పడాలె గద?"

"పడదమ్మా. అది కిందికి యాక్సిలరేట్ అవుతోంది. ఫ్రీ బాడీ డయాగ్రమ్ గీయి, ఒక్కో బలానికి ఒక్కో బాణం పెట్టు, తెలుస్తుంది."

"గీసిన సార్. గీసినా అర్థమైతలేదు."

వెనక బెంచీల్లో నవ్వులు. సార్ గడియారం చూసుకున్నారు. నేను కూర్చుని పెన్సిల్ ఎంత గట్టిగా నొక్కానంటే కాగితం చిరిగింది.

అమ్మ నాంపల్లిలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో నర్సు. కాలేజీ అయ్యాక నేను అక్కడికి నడిచివెళ్లి, ఆమె డ్యూటీ దిగేదాకా వరండాలో కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని. ఆ రోజు పుస్తకం తీయగానే లోపలి నుంచి అమ్మ కేక వినిపించింది. "బిడ్డా, జర ఇటు రా! ఓ చెయ్యెయ్యి."

తొడ ఎముక విరిగిన ఆటో డ్రైవరొకాయన మంచం మీద ఉన్నాడు. విరిగిన ఎముక సరిగ్గా నిలిచేలా కాలిని గుంజి ఉంచడానికి పట్టీలు చుట్టి, తాడు కట్టి, మంచం చివరి కప్పీ మీదుగా ఇసుక సంచి వేలాడదీశారు. ఆయన కాళ్లవైపు జారిపోవడంతో సంచి నేల మీద కూర్చుంది. అమ్మ, ఆయా, నేను దుప్పటి పట్టుకొని ఆయన్ను తలవైపు లాగాం. సంచి నేల విడిచి లేచింది.

"ఎప్పటి సంది గిట్లున్నవ్? చెప్పొద్దా?" అంది అమ్మ.

"నొప్పి లేకుండె సిస్టరమ్మా. మంచిగనే ఉన్నదనుకున్న."

"ఏం మంచిగ? సంచి నేల మీద కూసుంటె తాడు ఏం గుంజుతది? ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే."

నేను తాడు వంక చూస్తూ నిలబడ్డాను. ఇందాక వదులుగా వేలాడింది, ఇప్పుడు బిగుసుకుంది. సంచి అదే, దాని బరువూ అదే. అంటే తాడులో టెన్షన్ సంచి బరువు ఒక్కదాన్నిబట్టి ఉండదు. తాడు దాన్ని ఎంతవరకు ఆపుతోందో అంత. అంతకంతకూ వేగంగా జారిపోతున్న బరువును తాడు పూర్తిగా ఆపడం లేదు. కాబట్టి ఎంజీ కంటే తక్కువ. వరండాలోకి పరిగెత్తి లెక్క చేశాను. పుస్తకం వెనక ఉన్న జవాబే వచ్చింది. అమ్మకు చూపించాను.

"మంచిగైంది. చెప్పులేసుకో, బస్సు పోతది," అంది.

ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. సార్ వాలుతలం మీది లెక్కలు మొదలుపెట్టారు. కిందికి జారే దిమ్మెను ఘర్షణ పైవైపుకు లాగి ఆపుతుంది, సరే. దిమ్మెను తాడుతో పైకి లాగితే? అప్పుడూ నేను ఘర్షణ బాణం పైకే గీసేదాన్ని. సార్ ఎర్ర పెన్నుతో కొట్టేసి "కదిలే దిక్కుకు ఎదురు" అని రాశారు. ఆ మాట బట్టీ పట్టాను, పేజీలకు పేజీలు చేశాను.

పరీక్షలో ఆ లెక్కే వచ్చింది. కంగారులో బాణం పైకే గీశాను. హాల్లోంచి బయటికొచ్చి మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది. గోడకు ఆనుకొని అక్కడే ఏడ్చాను.

పాసయ్యాను, కానీ ఫిజిక్స్‌లో మార్కులు అంతంత మాత్రమే. "పాసైనవ్ గద, ఇంక ఏడుపేంది?" అంది అమ్మ.

"వచ్చిన లెక్క తప్పు చేసిననమ్మా. రానిదైతె ఇంత ఫికర్ లేకుండె."

అమ్మ మార్కుల కాగితం మడిచి బైబిల్లో పెట్టింది. మరునాడు కోఠికి వెళ్లి రెండో సంవత్సరం పాత పుస్తకాలు కొన్నాం. మిగతావన్నీ తిరగేసి చూశాను, ఫిజిక్స్ పుస్తకం మాత్రం తెరవకుండానే బ్యాగులో వేసుకున్నాను.